అంచనా తాతారావు ఎడమ కన్ను

కొవ్వలిపేటలో గడియారాలు బాగుచేసే కడలి తాతారావు ఒక్కడే ఉన్నాడని ఊళ్ళో అందరి నమ్మకం. తాతారావుదీ అదే నమ్మకం. అది పొరపాటని, తాతారావులు ఇద్దరని, వారిలో అసలైనవాడు ఇతను కాదని ఆరోగ్య నిశ్చింత పథకం వారు నిరూపించారు.

పథకం మంచిదే. జబ్బు చేస్తే బీమా ఆదుకోవాలి. ఆ బీమాకి ఏటా కొంత సొమ్ము కట్టాలి. కట్టలేనివాడి తరఫున చాలా భాగం ప్రభుత్వమే ముందుగా కట్టేస్తుంది. ఎంత కట్టాలన్నది ఆ మనిషి వచ్చే ఏడాది సంపాదించబోయే దాన్ని బట్టి ఉంటుంది. వచ్చే ఏడాది ఇంకా రాలేదు కనుక, ఆ మనిషినే అడిగి ఒక అంచనా రాసుకుంటారు. ఏడాది తిరిగాక అతను తన ఆదాయం లెక్క దాఖలు చేస్తే, దాన్నీ అంచనానీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అంచనా కన్నా ఎక్కువ సంపాదించి ఉంటే ప్రభుత్వం అతని తరఫున ఎక్కువ కట్టినట్టు. ఆ ఎక్కువను అతను వెనక్కి ఇచ్చెయ్యాలి. దీన్నే సర్దుబాటు అంటారు. ఇందులో అన్యాయమేమీ లేదు. తాతారావు కూడా లేదనే అనుకున్నాడు.

అంచనా చెప్పమని అడిగిన నాడు అతని రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయి. గడియారం మూత తీస్తే లోపలి చక్రాలన్నీ పాలల్లో మునిగినట్టు కనిపించేవి. కౌంటర్లో అమ్మాయి "వచ్చే ఏడాది ఎంత సంపాదిస్తారు?" అని అడిగితే అతనికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. "కళ్ళే పోతున్నాయి కదమ్మా, ఇంక నేనేం సంపాదిస్తాను? ఏదో, ఇంత ముద్దకి వస్తే చాలు" అన్నాడు. ఆ అమ్మాయి ముద్దకి ఎంతవుతుందో తనే లెక్కగట్టి రాసుకుంది.

ఆ అంచనా మీద బీమా వచ్చింది. బీమా మీద కుడి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజున తాతారావు డాక్టరు గది గోడమీది గడియారాన్ని చూసి, సెకన్ల ముల్లు కొద్దిగా వంగిందని చెప్పాడు. ఆ తరువాత ఎన్నాళ్ళుగానో ముట్టుకోని చిన్న చిన్న ఆడవాళ్ళ గడియారాలు సైతం బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. పక్క ఊళ్ళ నుంచి కూడా పని వచ్చింది. భార్య అచ్చాయమ్మ కమ్మలు తాకట్టు నుంచి విడిపించాడు. ఏడాది తిరిగాక ఆదాయం లెక్క దాఖలు చేశాడు. ఇక ఎడమ కంటికి కూడా చేయించుకోవాలి. డాక్టరు రమ్మన్న రోజున వెళితే, సర్దుబాటు పూర్తికాలేదు కనుక ఆపరేషన్ నిలిపివేశామని చెప్పారు. శుక్లం ముదిరితే ఆ తరువాత చేసినా లాభం ఉండదని డాక్టరు ఒకటికి రెండుసార్లు హెచ్చరించి పంపాడు.

సర్దుబాటు అన్న మాట విని తాతారావుకి ధైర్యం వచ్చింది. అది తన వృత్తిలోని పనే. గడియారం ముందుకు పోతుంటే లోపల చిన్న మీట ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే సరిపోతుంది.

సర్దుబాటు కార్యాలయంలో రెండు కిటికీలున్నాయి. ఒకదాని మీద ‘అంచనా’ అని, రెండోదాని మీద ‘వాస్తవం’ అని రాసి ఉంది. వాస్తవం కిటికీ ముందు వరస మెట్లు దిగి ఎండలోకి వచ్చేసింది. అంచనా కిటికీ ముందు ఎవరూ లేరు. అక్కడ మెత్తలు వేసిన కుర్చీలున్నాయి. వాటి మీద పంకా తిరుగుతోంది. చాలాసేపు నిలబడ్డాక కాళ్ళు పీకి తాతారావు వెళ్ళి ఒక కుర్చీలో కూర్చున్నాడు.

"లెగండి, లెగండి! అవి లబ్ధిదారుల కుర్చీలండి" అంది కిటికీలోంచి సీతామాలక్ష్మి. జామకాయ కొరుకుతూనే అంది. అంచనా రాసుకున్నది ఈ అమ్మాయే.

"నేనే కదమ్మా లబ్ధిదారుణ్ణి. కడలి తాతారావుని."

"కాదండి. లబ్ధిదారుడంటే అంచనా తాతారావు గారు. ప్రభుత్వం బీమా కట్టింది ఆయనకి. మీరు కాదు."

"మరి నేనెవర్నమ్మా?"

సీతామాలక్ష్మి కాగితాలు తిరగేసింది. దురుసు పిల్ల కాదు. జాలిగానే చెప్పింది. "మీరు వ్యత్యాసం అండి, బాబాయ్ గారూ. లోపలికెళ్ళి భుజంగరావు గారితో మాటాడండి."

సర్దుబాటు అధికారి భుజంగరావు భారీ మనిషి. మాట్లాడే ముందు కళ్ళు మూసుకుని వాక్యం చివర ఎక్కడుందో చూసుకుని మొదలుపెడతాడు.

"అంచనా సమర్పించిన నాటికి, శస్త్రచికిత్సానంతరం చూపు మెరుగుపడగలదన్న విషయం మీ ఎరుకలో ఉన్నదా, లేదా?"

"మెరుగుపడాలనే కదండీ చేయించుకున్నాను."

"ఎరుకలో ఉన్నది. మెరుగైన చూపు వల్ల మెరుగైన ఆదాయం ఉత్పన్నం కాగలదని ఊహించి, తదనుగుణంగా అంచనాను ఎందుకు పెంచి ఉండలేదు?"

"పెంచితే తమరు ఆపరేషన్‌కి బీమా ఇచ్చేవారాండి?"

"ఇచ్చి ఉండేవారం కాదు."

"ఆపరేషన్ లేకపోతే నాకు ఆదాయం పెరిగేదాండి?"

"పెరిగి ఉండేది కాదు. అప్పుడు మీ అంచనా తప్పయ్యేది. తప్పు అంచనాకు జరిమానా విడిగా ఉన్నది." భుజంగరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహం ప్రసన్నమైంది. "ఎక్కడా సందు లేదు, గమనించారా? దీన్ని రూపొందించిన వారికి జాతీయ స్థాయిలో బహుమానం లభించింది."

తాతారావు అచ్చాయమ్మ రుమాలులో కట్టి ఇచ్చిన కమ్మల మూట బల్లమీద పెట్టాడు. "ఇయ్యి మళ్ళీ కుదువ పెట్టి ఎంతో చెబితే కట్టేస్తానండి. ఎడం కంటి ఆపరేషన్ ఆపకండి బాబూ. అది కూడా పోతే కష్టం."

భుజంగరావు మూటను పెన్సిలుతో వెనక్కి నెట్టాడు. "గడువు అతిక్రమించినందువల్ల నగదు స్వీకరించబడదు. అధికలబ్ధి ఏ రూపంలో పొందబడినదో ఆ రూపంలోనే రాబట్టాలని తాజా ఉత్తర్వు. మీరు పొందినది చూపు."

"చూపుని ఎలాగండీ వెనక్కిచ్చేది?"

"వాయిదాలలో."

మంగళవారం, శుక్రవారం తాతారావు కుడి కంటికి నల్లగుడ్డ కట్టుకుని ఉండాలి. అంచనాకు మించి చూసిన చూపు ఆ విధంగా ప్రభుత్వానికి జమ అవుతుంది. పూర్తిగా జమ అయ్యాక ఎడమ కంటి విషయం పరిశీలిస్తారు.

"అయినా," అన్నాడు భుజంగరావు స్నేహంగా, "వృత్తిరీత్యా మీరు ఒక్క కంటికే అద్దం బిగించుకుని పనిచేస్తారు కదా. రెండో కన్ను ఉత్పాదక అవసరం కిందికి వస్తుందా రాదా అన్న ప్రశ్న కూడా ఉత్పన్నం కావచ్చు. నేను ఇంకా దాన్ని ఉత్పన్నం చెయ్యలేదు."

తాతారావు దండం పెట్టి లేచాడు. తలుపుదాకా వెళ్ళాక భుజంగరావే వెనక్కి పిలిచి చేతి గడియారం విప్పి ఇచ్చాడు. "కొంచెం చూడండి. రోజూ పది నిమిషాలు ముందుకు పోతోంది. వాయిదాలు పూర్తయ్యేలోగా బాగుచేసి ఇవ్వాలి."

"ముందుకు పోయిన నిమిషాలు ఎక్కడ కడుతున్నారండీ?" అని తాతారావు నోరు జారాడు.

భుజంగరావు నవ్వలేదు. కళ్ళు మూసుకుని ఆలోచించి, ఆ మాట ఒక చిత్తు కాగితం మీద రాసుకున్నాడు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే అచ్చాయమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపింది. "ఆ అమ్మాయి అడిగినప్పుడు గొప్పగా ఓ అంకె చెప్పొచ్చు కదండీ. ఊళ్ళో వాళ్ళకి చెప్పేటప్పుడు మాత్రం రోజుకి వంద గడియారాలు చేస్తానంటారు."

"అప్పుడు దిగులుగా ఉన్నానే."

"గవర్నమెంటోళ్ళ ముందు దిగులుగా ఉండటమేంటి? ఇంట్లో ఉండండి, ఎవరొద్దన్నారు."

ఆ మాట తాతారావు మనసులో ఉండిపోయింది. మొదటి మంగళవారం సీతామాలక్ష్మి దుకాణానికి వచ్చి నల్లగుడ్డ కట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేసి వెళ్ళింది. మిగిలింది ఎడమ కన్ను. దానిలో లోకం పాలమీగడలా ఉంది. బజారు ఒక మసక, బండ్లు కదిలే మసకలు. చేతిలో పనిలేదు. పనిలేని మనిషికి తన గురించి తాను ఆలోచించుకోవడం తప్పదు.

అంచనా తాతారావు ఎవడు? తను ఒకనాడు దిగులుతో అన్న ఒక మాట. తను మాత్రం ఆ మాట అని, ఇంటికి వెళ్ళి అన్నం తిని మరిచిపోయాడు. వాళ్ళు మరిచిపోలేదు. ఆ దిగులుకి ఒక నంబరు ఇచ్చారు, పంకా కింద మెత్తటి కుర్చీ వేశారు. తను ఆశ పెట్టుకున్నాడు, చూపు తెచ్చుకున్నాడు, కమ్మలు విడిపించాడు. వాడు ఏమీ చెయ్యలేదు. అనుకున్నంతలోనే ఉన్నాడు. ఇద్దరిలో మంచివాడు ఎవరని ఏ కార్యాలయాన్ని అడిగినా వాడి పేరే చెబుతుంది. శుక్రవారం నాటికి తాతారావుకి వాడి మీద కోపం పోయింది. తరువాతి మంగళవారానికి వాడు బల్లకి ఎడమవైపు ముక్కాలిపీట మీద కూర్చున్నట్టు అనిపించసాగింది. అనిపించడమే. ఆ వైపు తాతారావుకి సరిగా ఏదీ కనిపించదు.

వసూళ్ళు ఊపందుకున్నాయి. ఇడ్లీబండి ఆదెమ్మకి పథకం కింద మోకాలు బాగుచేశారు. నడవగలిగి రెండు వీధులు ఎక్కువ తిరిగింది, ఆదాయం పెరిగింది. ఇప్పుడు సోమవారం, గురువారం కుంటాలి. ఆస్తమా తగ్గిన ఆటో అతను కూడలి వచ్చినప్పుడల్లా దగ్గాలి. ఇవన్నీ సరిగా జరుగుతున్నదీ లేనిదీ చూడడానికి ఒక పర్యవేక్షకుణ్ణి వేశారు. అతనికి సైకిలు, ఈల ఇచ్చారు.

ఒక గురువారం తాతారావు దుకాణం ఎదుట ఈల మోగింది.

"ఏమ్మా, ఆగు. ఏ కాలు కుంటుతున్నావ్?"

"ఎడం కాలండి."

"ఆపరేషన్ అయింది కుడికాలికి."

ఆదెమ్మ బండి ఆపి కిందికి చూసుకుంది. "నా మతి మండా! సోమవారం కూడా దీన్నే కుంటానండి బాబూ."

"అయితే సోమవారంది జమ కాదు. పైగా ప్రభుత్వం అడగని కాలు కుంటావు. అనుమతి లేని కుంటు."

"అనుమతి లేదంటే ఎనక్కి తీసేసుకుంటానండి. అదెలాగో మీరే నడిచి సూపెట్టండి, నేర్చుకుంటాను" అంది ఆదెమ్మ. బజారంతా నవ్వింది. పర్యవేక్షకుడికి ఆ ఆలోచన నచ్చింది. మరుసటి వారం నుంచి కుంటు శిక్షణా తరగతులు మొదలయ్యాయి. వాటికి రుసుము ఉంది.

తాతారావు మాత్రం నవ్వలేదు. అతను వాయిదాలు కట్టడంలో నిజాయితీగా ఉన్నాడు. ఎడమ కంటికోసం. ప్రతి మంగళవారం, శుక్రవారం ముద్ర చెక్కుచెదరకుండా సాయంత్రం దాకా కూర్చునేవాడు. గడియారం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "ఇవాళ ఏ కన్నండీ?" అని అడిగి, నల్లగుడ్డ చూసి వెనక్కి పోయేవారు. కొందరు బుధవారం కూడా రావడం మానేశారు. ఒక శుక్రవారం, గడువు పెట్టిన పని కదా అని, భుజంగరావు గారి గడియారాన్ని మసకలోనే విప్పాడు. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి చేతిలోంచి ఎగిరి ఎక్కడో పడింది. నేలమీద తడుముకుంటూ వెతికాడు. దొరకలేదు. ఇన్నేళ్ళ పనిలో ఇతరుల గడియారాన్ని పాడుచెయ్యడం అదే మొదలు. అతను బల్లకింద అలాగే మోకాళ్ళ మీద కాసేపు ఉండిపోయాడు.

ఆ గడియారం పట్టుకుని, అచ్చాయమ్మని వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళాడు. వాయిదాలు పూర్తయ్యాయి కూడా. ముందు తన తప్పు చెప్పుకోవాలనుకున్నాడు.

"తమ గడియారం ఆగిపోయిందండి. నా చేతిలోనే."

భుజంగరావు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇక ముందుకు పోదు కదా?"

"పోదండి."

"వెనక్కి?"

"అదీ పోదండి."

"ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది?"

"ఉంటుందండి."

"అదీ సర్దుబాటు అంటే!" భుజంగరావు సంతోషంగా మణికట్టుకి కట్టుకున్నాడు. గడియారం ముందుకు పోతే గడియారాన్ని సర్దుతారని తాతారావు చిన్నప్పటి నుంచి నమ్మాడు. కానీ ఇక్కడివాళ్ళ లెక్క వేరు. పొద్దు ఆగిపోతే ఇంకా మంచిదనుకునే మనుషులకి గడియారాల మెకానిక్కు చెప్పేదేముంటుంది?

సీతామాలక్ష్మి లెక్క తెచ్చి పెట్టింది. చూస్తూ చూస్తూ భుజంగరావు మొహం పాలిపోయింది. చూపు జమ అయింది. కానీ ఆదాయం అంచనాకు దిగి, అక్కడ ఆగకుండా ఇంకా కిందికి పోయింది.

"ఇదేమిటి? మిమ్మల్ని అంచనాకు తగ్గమన్నాం గానీ దాటి పొమ్మనలేదే! ఇప్పుడు ప్రభుత్వమే మీకు తిరిగి ఇవ్వవలసిన దుస్థితి ఉత్పన్నమైంది. పైనుంచి నాకు అక్షింతలు పడతాయి."

"పడనీండి" అంది అచ్చాయమ్మ. "మాకు సొమ్మేం వద్దండి. ఎడం కంటికి ఆపరేషన్ చేయించెయ్యండి, సరిపోతుంది."

భుజంగరావు కళ్ళు మూసుకున్నాడు. ఈసారి వాక్యం చివర చాలా దూరంలో ఉన్నట్టుంది. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

"అమ్మా, మీ భర్తగారు ఒకసారి పైకి పోయారు, ఒకసారి కిందికి పోయారు. ఇటువంటి అస్థిరమైన వ్యక్తి పేర ఖరీదైన కన్ను మంజూరు చెయ్యడం సాహసం. కానీ ఇదే వ్యవహారంలో మరొక వ్యక్తి ఉన్నారు. మొదటి రోజు నుంచి నేటి వరకు ఒక్క రూపాయి ఎక్కువగానీ తక్కువగానీ సంపాదించలేదు. ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన ఎడమ కంట్లో కూడా శుక్లం ఉన్నట్టు మా దగ్గర ఆధారం ఉన్నది." ఆయన సంతకం చేశాడు. "అంచనా తాతారావు గారికి మంజూరు. మీరు సహాయకులుగా వెంట వెళ్ళవచ్చు. భోజనం ఉచితం."

"సహాయకులేంటండీ?" అంది అచ్చాయమ్మ. "కన్ను ఈయనది కదా?"

"కన్ను ఈయనదే. అర్హత ఆయనది."

బయటికి వచ్చాక అచ్చాయమ్మ మెట్ల మీద నిలబడి మంజూరు కాగితాన్ని చూసింది. "పోనీలెండి. పేరు మీదే కదా. అక్కడికెళ్ళాక బల్లమీద పడుకునేది ఎవరు, మీరేగా? డాక్టర్లు చదువుకున్నోళ్ళు, వాళ్ళకి తెలీదా?"

తాతారావుకీ అది సబబుగానే తోచింది. ఆ వారం అతను దుకాణం తుడిచి, అద్దాలు తుడిచి, ఎడమ కన్ను వచ్చాక చెయ్యాలని పక్కన పెట్టిన గడియారాలన్నిటినీ వరసగా పేర్చుకున్నాడు.

ఆసుపత్రిలో నర్సు తలుపు తెరిచి పిలిచింది. "కడలి తాతారావు, అంచనా!"

తాతారావు లేచాడు.

"మీరు?"

"తాతారావునేనమ్మా."

"అంచనానా, వాస్తవమా?"

అతనికి అబద్ధం చెప్పాలనిపించింది. నాలిక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే ఏమవుతుందో అతనికి తెలుసు. ఒకసారి దిగులులో అన్న మాటే ఇంత మనిషై కూర్చుంది. ఈసారి నేనే వాణ్ణని చెబితే, ఆ తరువాత తను ఎక్కడుంటాడు? కమ్మలు విడిపించిన చెయ్యి ఎవరిదవుతుంది?

"వాస్తవం" అన్నాడు.

"సహాయకులు బయట కూర్చోవాలండి." నర్సు ఖాళీ మంచం బండిని జాగ్రత్తగా లోపలికి తోసుకుపోయింది. మలుపు దగ్గర వేగం తగ్గించింది కూడా. తలుపు మూసుకుంది. పైన ఎర్రదీపం వెలిగింది.

"అదేంటండీ, ఆ మాట అనేశారు!" అంది అచ్చాయమ్మ.

చాలాసేపటికి డాక్టరు చేతి తొడుగులు తీసుకుంటూ వచ్చాడు. "చాలా బాగా జరిగింది. ఇంత కదలకుండా పడుకున్న రోగిని నా సర్వీసులో చూడలేదు."

అచ్చాయమ్మ ఆయనకి అడ్డం వెళ్ళింది. "అయ్యా, తమరికి పుణ్యముంటుంది. ఈయన ఇక్కడే ఉన్నాడు. అదే చేత్తో ఈయనకి కూడా చేసెయ్యండి. ఎడం కన్నే."

డాక్టరు కాగితం చూశాడు. మంచివాడిలానే ఉన్నాడు. "రికార్డు ప్రకారం తాతారావు గారి ఎడమ కన్ను అయిపోయిందమ్మా. అయిన కంటికి మళ్ళీ చెయ్యకూడదు. ఎప్పటికీ చెయ్యకూడదు." తాతారావు వైపు తిరిగాడు. "మీరు సహాయకులు కదూ? ఆయన్ని నెమ్మదిగా తీసుకెళ్ళండి. కంట్లో నీళ్ళు పడనివ్వకండి. వారం రోజులు వంగనివ్వకండి." నల్ల కళ్ళద్దాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

బయట ఎండ పేలిపోతోంది. మెట్లు దిగబోతూ తాతారావు ఎడమ చెయ్యి కొద్దిగా చాచి, "మెల్లిగా" అన్నాడు.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అని అచ్చాయమ్మ గద్దించింది. మొగుడి మొహం చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎప్పుడూ అతనికి ఎడమవైపు ఆనుకుని నడిచే మనిషి, ఒక మనిషి పట్టేంత చోటు వదిలి అవతలగా నడిచింది.

"కళ్ళద్దాలు పెట్టమన్నారు కదా," అంది కాసేపటికి. "ఎండ పడకూడదంట."

తాతారావు కళ్ళద్దాలు పట్టుకుని ఎడమవైపు తిరిగి చూశాడు. ఆ వైపు అతనికి సరిగా ఏదీ కనిపించదు. అందుచేత అక్కడ ఎవరూ లేరని కచ్చితంగా చెప్పలేకపోయాడు.